బుట్ట నిండా ఈగలు పడుతున్నా మామిడిలో పురుగులెందుకు? పండు ఈగ జతకట్టే సైన్స్

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. మామిడి తోటలో లింగాకర్షక బుట్టలు కట్టారు. వారం తిరిగేసరికి ఒక్కో బుట్టలో వందల ఈగలు చచ్చి పడున్నాయి. చూసి హమ్మయ్య అనుకున్నారు. తీరా పండు కోస్తే లోపల తెల్ల పురుగులు లుకలుకలాడుతున్నాయి. మరి ఆ బుట్ట పని చేసినట్టా, చేయనట్టా?

మిమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టి అప్పుడు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి ముందే చెప్పేస్తా. బుట్ట పని చేసింది. కాకపోతే అందులో పడ్డవన్నీ దాదాపుగా మగ ఈగలే. పండులో గుడ్లు పెట్టేది ఆడ ఈగ. ఆ బుట్టలో పెట్టిన మందు వాసన మగవాటికే పిచ్చెక్కిస్తుంది, ఆడవి దాన్ని పెద్దగా పట్టించుకోవు.

"అయితే బుట్ట దండగేనా బ్రో?" అంటారు కదా. కాదు. ఎప్పుడు పని చేస్తుంది, ఎప్పుడు చేయదు అనేది తెలియాలంటే ఒక విషయం అర్థం కావాలి. ఆ మగ ఈగ చావడానికి ఎందుకంత పరుగెత్తుకుని వస్తోంది? ఆడ ఈగ అక్కడుందని వస్తోందా? లేదు. అసలు మలుపు అక్కడే ఉంది.

ముందు మనం ఏ ఈగ గురించి మాట్లాడుకుంటున్నామో క్లియర్ చేసుకుందాం. ఇది ఇంట్లో అన్నం మీద వాలే ఈగ కాదు. మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే చిన్న చిన్న ఈగలుంటాయి చూడండి, అవీ కావు. ఇవి బ్యాక్ట్రోసెరా అనే ప్రజాతికి చెందిన పండు ఈగలు. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతులన్నిటికీ ఉండే ఇంటిపేరు లాంటిది. ఈ ఇంటిపేరుతో ప్రపంచంలో 400 పైగా జాతులున్నాయి. మన మామిడి, జామ తోటల్లో ముఖ్యంగా మూడు కనిపిస్తాయి: బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్, బ్యాక్ట్రోసెరా జొనాటా, బ్యాక్ట్రోసెరా కరెక్టా. మామిడికి పెద్ద విలన్ డోర్సాలిస్, కాబట్టి ఈరోజు హీరో కూడా అదే.

చూడ్డానికి ఇంటి ఈగ సైజులోనే ఉంటుంది, కానీ షోకు ఎక్కువ. వీపు మీద పసుపు పట్టీలు, రెక్క ముందు అంచున సన్నటి నల్ల గీత, పొట్ట మీద ఇంగ్లీషు టీ అక్షరం లాంటి నల్ల మచ్చ. దూరం నుంచి చూస్తే చిన్న కందిరీగ అనుకుంటారు.

ఇంకో కన్‌ఫ్యూజన్ కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. మామిడి టెంక పగలగొడితే లోపల నల్లటి, గట్టి పెంకు పురుగు కనిపిస్తుంది కదా, అది ఈ ఈగ పిల్ల కాదు. అది టెంక పురుగు, వేరే కథ. గుజ్జులో కాళ్లు లేకుండా, తెల్లగా, కొంకర్లు తిరుగుతూ ఉండేదే ఈగ పిల్ల.

ఇప్పుడు దీని బతుకు చూద్దాం. ఆడ ఈగ పొట్ట చివర సూది లాంటి గొట్టం ఉంటుంది. కాయ పక్వానికి వచ్చి, రంగు తిరిగే టైమ్‌లో ఆ సూదిని తొక్కలోకి దించి, లోపల కొన్ని గుడ్లు పెడుతుంది. బయటికి చిన్న చుక్క తప్ప ఏమీ కనిపించదు. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్లలు వారం, పది రోజులు గుజ్జు తింటూ పెరుగుతాయి. వాటితో పాటు కుళ్లు కూడా పెరుగుతుంది. కాయ రాలిపోతుంది.

బాగా ఎదిగిన పురుగు పండు లోంచి బయటికొచ్చి, ఒళ్లు విల్లులా వంచి ఎగిరి దూకుతుంది. నిజంగా దూకుతుంది, కాళ్లు లేకుండానే! తర్వాత పైపై మట్టిలోకి, కొన్ని సెంటీమీటర్ల లోతుకి దూరి, గోధుమ రంగు గింజలా మారిపోతుంది. దాన్నే కోశస్థ దశ, ప్యూపా అంటాం. వేసవి వేడిలో ఇంకో పది రోజులకి అందులోంచి కొత్త ఈగ వస్తుంది. అంటే గుడ్డు నుంచి ఈగ దాకా ఇంచుమించు మూడు వారాలు. మీ చెట్టు కింద రాలి కుళ్లుతున్న ఒక్క పండు ఏంటో ఇప్పుడు అర్థమైందా? అది చెత్త కాదు, ఈగల ఫ్యాక్టరీ.

కొత్తగా పుట్టిన ఈగ వెంటనే పెళ్లికి రెడీ కాదు. వయసుకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోగా ఆడ ఈగకి ఒక పెద్ద పనుంది. కడుపులో గుడ్లు తయారవ్వాలంటే దానికి ప్రోటీన్ కావాలి. పువ్వుల తేనె లాంటి తీపితో ప్రాణం నిలుస్తుంది, గుడ్లు రావు. అందుకని ఆకుల మీద ఉండే బాక్టీరియా, పక్షి రెట్టలు, ఇలా ప్రోటీన్ దొరికే ప్రతి చోటా వెతుక్కుంటుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఎందుకంటే ఆడ ఈగ వీక్‌నెస్ ఇదే.

మగ ఈగ వీక్‌నెస్ వేరు. దాని కోసం సాయంత్రం దాకా ఆగాలి.

పొద్దు వాలుతోంది. వెలుతురు తగ్గుతోంది. డోర్సాలిస్ మగ ఈగలు చెట్టు ఆకుల్లోకి చేరతాయి. ఒక్కోటి ఒక్కో ఆకు పట్టుకుని, ఇది నా అడ్డా అన్నట్టు కూర్చుంటుంది. వేరే మగది వస్తే తరిమేస్తుంది. అక్కడ ఆడవాటికి పెట్టడానికి తిండి లేదు, గుడ్లు పెట్టే పండు కూడా అక్కర్లేదు. మగవన్నీ ఒకచోట చేరి కేవలం తమని తాము చూపించుకుంటాయి. నెమలి పురి విప్పి ఆడటం చూశారు కదా, అదే లాజిక్. జీవశాస్త్రంలో ఇలాంటి గుంపుని లెక్ అంటారు. నేను దీన్ని స్వయంవరం అంటా. అబ్బాయిలు వరుసగా నిలబడతారు, అమ్మాయి వచ్చి చూసి నచ్చినవాణ్ణి ఎంచుకుంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది, అంతే.

మరి ఏం చూసి ఎంచుకుంటుంది? ఆ చీకట్లో పసుపు పట్టీలు ఎంతవరకు కనిపిస్తాయి? అందుకే మగ ఈగ రెండు పనులు చేస్తుంది. ఒకటి, రెక్కలు టకటకా ఆడిస్తుంది. పొట్ట పక్కన దువ్వెన పళ్లలా వరుసగా గట్టి వెంట్రుకలుంటాయి. రెక్క వాటికి రాసుకుని సన్నటి శబ్దం వస్తుంది. రెండు, మలాశయం దగ్గరున్న ఒక గ్రంథి నుంచి వాసన పదార్థం వదులుతుంది. అదే ఫెరోమోన్. రెక్కల గాలికి ఆ వాసన చుట్టూ చెదిరి ఆడ ఈగ దాకా చేరుతుంది. మనం పెళ్లికి వెళ్తూ సెంటు కొట్టుకుంటాం కదా, వీడు ఫ్యాన్ కూడా వెంట తెచ్చుకున్నాడన్నమాట.

ఆడది ఒప్పుకుంటే జత కుదురుతుంది. ఒక్కసారి కుదిరిందంటే విడిపోయేది చాలావరకు తెల్లారబోయే ముందే. అంటే ఒక మగ ఈగకి ఒక రాత్రికి మామూలుగా ఒక్కటే జత. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, లెక్కల్లో వాడతాం. ఆడ ఈగ ఆ రాత్రి అందిన వీర్యాన్ని తన ఒంట్లో ఒక చిన్న సంచిలో దాచుకుని, తర్వాత చాలా రోజుల పాటు గుడ్లు పెడుతూనే ఉంటుంది. పరిస్థితులు బాగుంటే తన జీవితంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ సెంటు మగ ఈగకి ఎక్కడిది?

పగటిపూట మగ ఈగలు ఒక పదార్థం కోసం వెతుకుతాయి. దాని పేరు మిథైల్ యూజినాల్. చాలా మొక్కల్లో సహజంగా ఉంటుంది. మన పెరట్లో తులసి ఉంది కదా, కొన్ని రకాల తులసి ఆకుల్లో ఇది బాగా ఉంటుంది. ఊళ్లలో తులసి ఆకు నలిపి, ఆ రసంతో పండు ఈగల్ని పట్టే పద్ధతి ఉంది, దాని వెనకున్న కెమిస్ట్రీ ఇదే. మగ ఈగ ఈ మిథైల్ యూజినాల్ ఎక్కడ దొరికితే అక్కడ వాలి, నాకి నాకి తింటుంది. ఆకలి తీరడానికి కాదు. ఒంట్లోకి వెళ్లాక దాన్ని రెండు కొత్త పదార్థాలుగా మారుస్తుంది. అందులో ఒకటి కోనిఫెరైల్ ఆల్కహాల్. రెండోదాని పేరు చెప్తే మీరు వీడియో స్కిప్ చేస్తారు కాబట్టి వదిలేద్దాం. ఈ రెండింటినీ ఇందాక చెప్పిన ఆ గ్రంథిలో నిల్వ చేసుకుంటుంది. సాయంత్రం స్వయంవరంలో వదిలేది వీటినే.

అంటే ఏంటి? మగ ఈగ తన సెంటుకి కావాల్సిన ముడిసరుకు మొక్కల నుంచి తెచ్చుకుంటోంది. ప్రయోగాల్లో మిథైల్ యూజినాల్ తిన్న మగవాటినీ, తినని మగవాటినీ ఒకే గూటిలో ఆడ ఈగలతో పెట్టి చూశారు. తిన్నవాటికే ఎక్కువ జతలు కుదిరాయి. ఒక్కసారి తిన్నా ఆ లాభం వారాల తర్వాత కూడా కనిపించింది. ఇంకో బోనస్ కూడా ఉంది. బల్లులతో చేసిన ప్రయోగాల్లో, ఇది తిన్న ఈగల్ని తినడానికి బల్లులు అంతగా ఇష్టపడలేదు. ఒకే డోసుతో పెళ్లి సంబంధం, సెక్యూరిటీ, రెండూ!

ఈ బలహీనతని మనకంటే ముందే కనిపెట్టింది ఒక పువ్వు. ఆగ్నేయాసియా అడవుల్లో బల్బోఫిల్లమ్ చెయిరి అనే ఆర్కిడ్ ఉంది. దాని పువ్వులో మిథైల్ యూజినాల్ ఉంటుంది. మగ ఈగ వచ్చి పువ్వు పెదవి మీద వాలుతుంది. ఆ పెదవి తలుపు బందు లాంటి కీలు మీద ఆడుతుంది. ఈగ నాకుతూ ముందుకు జరగ్గానే బరువు మారి, పెదవి టప్పున తిరగబడి, ఈగని లోపలికి తోసేస్తుంది. అలా తోసినప్పుడు పుప్పొడి ముద్ద ఈగ వీపుకి అంటుకుంటుంది. ఆ మూటతో ఈగ ఇంకో పువ్వుకి వెళ్తుంది. ఈగకి సెంటు, పువ్వుకి పరాగ సంపర్కం. ఇద్దరికీ లాభం, ఎవరూ చావలేదు. మన బుట్టకీ దానికీ తేడా అదొక్కటే.

మనుషులు దీన్ని పట్టుకున్నది మన దేశంలోనే, తెలుసా? బీహార్‌లోని పూసాలో అప్పట్లో బ్రిటిష్ ప్రభుత్వపు వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త పని చేసేవాడు. దోమలు రాకుండా కొంతమంది సిట్రొనెల్లా నూనె, అంటే నిమ్మగడ్డి జాతి గడ్డి నుంచి తీసే నూనె వాడేవాళ్లు. ఆ వాసనకి పండు ఈగలు మూగుతున్నాయని ఆయన గమనించాడు. వచ్చినవన్నీ మగవే. 1912లో దాని గురించి రాశాడు. ఆ నూనెలో ఉండే ఏ పదార్థం వల్ల ఇలా జరుగుతోందో వెతికి, 1915లో మిథైల్ యూజినాల్ పేరు బయటపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న మందు కథ మొదలైంది అక్కడ.

ఇప్పుడు పేరు సంగతి చూద్దాం. మనం దీన్ని లింగాకర్షక బుట్ట, ఫెరోమోన్ ట్రాప్ అంటాం. పత్తి చేలో పురుగులకి కట్టే లింగాకర్షక బుట్టలో ఆడ పురుగు వాసన పెడతారు. మగ పురుగు అక్కడ ఆడది ఉందనుకుని వచ్చి మోసపోతుంది. మామిడి తోట బుట్టలో అది కాదు జరిగేది. అక్కడున్నది ఆడ ఈగ వాసన కాదు. మగ ఈగ సెంటుకి ముడిసరుకు. వాడు పెళ్లికూతురు కోసం రావట్లేదు, పెళ్లికి సెంటు కొనుక్కోవడానికి షాపుకి వస్తున్నాడు. షాపులో విషం పెట్టాం.

ఇందులోంచి రెండు ముఖ్యమైన విషయాలు బయటికొస్తాయి.

ఒకటి. ఒకసారి కడుపునిండా మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగకి, మళ్లీ దాని మీద ఆశ కొన్నాళ్ల పాటు తగ్గిపోతుంది. స్టాక్ ఉంది కదా, షాపుకి ఎందుకొస్తాడు? అంటే మీ తోట చుట్టుపక్కల మొక్కల్లో ఎక్కడో తినేసి వచ్చినవాడు మీ బుట్ట వైపు అంతగా రాడు. వాడే సాయంత్రం స్వయంవరంలో గెలిచేవాడు కూడా.

రెండోది లెక్క. కోడింగ్ వదిలేసినా ఎక్సెల్ వదలదు కాబట్టి చిన్న లెక్క చూద్దాం. మీ తోటలో 100 మగ ఈగలు, ఇంకా జతకట్టని 100 ఆడ ఈగలు ఉన్నాయనుకోండి. మీ బుట్టలు అదిరిపోయేలా పని చేసి 90 మగవాటిని చంపేశాయి. మిగిలినవి 10. ఒక్కో మగది రాత్రికి ఒక్క ఆడదాన్నే కలవగలదు అనుకున్నా, పది రోజుల్లో 100 ఆడ ఈగలకీ జత దొరికేస్తుంది. ఈగ నెలా రెండు నెలలు బతకగలదు. పది రోజులు ఆగడం దానికి పెద్ద విషయం కాదు. ఇది కాగితం మీద లెక్కే, తోటలో ఇంత నీట్‌గా జరగదు. కానీ సారాంశం మారదు. మగవాటిలో 90 శాతం పోయినా గుడ్లు 90 శాతం తగ్గవు. మగవి దాదాపు పూర్తిగా అంతరించిపోతే తప్ప ఆడవాటికి వరుడి కరువు రాదు.

మరి అలా అంతరించిపోయేలా చేయొచ్చా? చేశారు కూడా. పసిఫిక్ మహాసముద్రంలో రోటా అనే చిన్న దీవి ఉంది. 1960లలో అక్కడ మిథైల్ యూజినాల్, పురుగుమందు కలిపి పీల్చిన చిన్న చిన్న అట్ట ముక్కల్ని విమానాల్లోంచి దీవంతా చల్లారు. మళ్లీ మళ్లీ చల్లారు. మగ ఈగలు దాదాపుగా మిగల్లేదు. ఆడవాటికి జత దొరకలేదు. డోర్సాలిస్ ఆ దీవి నుంచి పూర్తిగా పోయింది. జపాన్‌లో ఒకినావా ప్రాంతపు దీవుల్లో కూడా ఇదే దారిలో ఏళ్ల తరబడి పని చేసి 1986కి దాన్ని తుడిచేశారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 1995లో బయటపడిన దీని దండుని 1999కి నిర్మూలించారు. అక్కడ మిథైల్ యూజినాల్‌తో పాటు ప్రోటీన్ ఎర కూడా వాడారు.

ఈ గెలుపులన్నిటిలో కామన్‌గా ఏముందో చూశారా? ప్రాంతం మొత్తం ఒకేసారి. ఒక్క తోట కాదు, ఒక్క రైతు కాదు. దీవి అయితే చుట్టూ సముద్రం, బయటి నుంచి కొత్త ఈగ రాదు. మన తోటకి చుట్టూ ఏముంటుంది? పక్క తోట.

నూజివీడు దగ్గర మా మావయ్యకి చిన్న రసాల తోట ఉంది. కిందటేడు సీజన్ మధ్యలో ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఎకరానికి పది బుట్టలు కట్టాం. గుప్పెళ్లకి గుప్పెళ్లు ఈగలు పడుతున్నాయి. అయినా కాయ పుచ్చొస్తోంది. ఏంట్రా ఇది?"

"ఎప్పుడు కట్టారు మావయ్యా?"

"కాయ రంగు తిరిగాక, ఈగ కనిపించడం మొదలెట్టాక కట్టాం."

"పక్క తోటల వాళ్లు?"

"వాళ్లెవరూ కట్టలేదు. మన తోట మనం చూసుకుంటే చాలదా?"

"చాలదు మావయ్యా. మీ బుట్టల వాసనకి వాళ్ల తోటలో మగవి కూడా మీ దగ్గరికే వస్తున్నాయి. అందుకే అన్ని పడుతున్నాయి. కానీ వాళ్ల తోటలో జతకట్టిన ఆడవి కూడా ఎగిరొచ్చి మీ కాయలోనే గుడ్లు పెడుతున్నాయి. వాటిని మీ బుట్ట ఆపలేదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఊరంతా కట్టాలంటావ్," అన్నాడు. అంతే. మొత్తం సైన్స్ ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

సరే, మరి ఏం చేయాలి? ఆడ ఈగ దారిలో ఎక్కడెక్కడ అడ్డం పడొచ్చో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, బుట్టలు. మానొద్దు. కానీ కాయ రంగు తిరిగే ముందే, ముందుగా కట్టండి. ఆడవాటికి జత కుదరకముందే మగవాటి సంఖ్య పడిపోవాలి. వీలైతే చుట్టుపక్కల తోటల వాళ్లంతా ఒకే వారంలో కట్టాలి. మందు బిళ్ల వాసన తగ్గిపోతే మార్చాలి. ఇంకోటి, బుట్టని ఒక డ్యాష్‌బోర్డ్‌లా చూడండి. వారానికి ఎన్ని పడుతున్నాయో రాసుకోండి. సంఖ్య పెరుగుతోందంటే సర్వర్ మీద లోడ్ పెరుగుతోందని అర్థం. డ్యాష్‌బోర్డ్ చూస్తూ కూర్చుంటే సర్వర్ బాగుపడదు కదా, మిగతా పనులు మొదలెట్టాలి.

రెండోది, రాలిన కాయలు. నన్ను అడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, డబ్బు ఖర్చు లేనిది కూడా ఇదే. చెట్టు కింద రాలిన ప్రతి పుచ్చు కాయనీ రోజూ ఏరేయాలి. ఏరి గట్టు మీద పారేస్తే ఏం లాభం లేదు, పురుగు అక్కడే దూకి మట్టిలోకి పోతుంది. లోతుగా గుంట తీసి పూడ్చాలి. లేదా దిట్టమైన ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయాలి. ఇంటి పెరట్లో ఒకే ఒక్క మామిడి చెట్టో, జామ చెట్టో ఉన్నవాళ్లకి కూడా ఇదే రూల్.

మూడోది, మట్టి. ప్యూపాలు పైపై మట్టిలోనే ఉంటాయని చెప్పుకున్నాం. చెట్ల కింద దున్ని మట్టి తిరగేస్తే అవి ఎండకి మాడతాయి, పక్షులకీ చీమలకీ తిండి అవుతాయి.

నాలుగోది, ఆడ ఈగ వీక్‌నెస్. దానికి ప్రోటీన్ కావాలన్నాను కదా. ప్రోటీన్ ఎరలో కొద్దిగా పురుగుమందు కలిపి, చెట్టంతా తడపకుండా అక్కడక్కడా మచ్చల్లా కొడతారు. ఆడ ఈగ తిండి కోసం వచ్చి అక్కడ పోతుంది. ఏ మందు, ఎంత మోతాదు అనేది మీ వ్యవసాయ అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగి చేయండి, నా వీడియో చూసి కలిపేయకండి.

ఐదోది, కాయకి కాగితపు కవర్ తొడగడం. సూది దిగాలంటే తొక్క తగలాలి కదా. పెరటి చెట్లకీ, మంచి రేటు పలికే కాయలకీ ఇది బాగా కుదురుతుంది. ఇంకా, కాయ పక్వానికి రాగానే కోసేయాలి. చెట్టు మీదే ముగ్గనిస్తే ఈగకి విందు పెట్టినట్టే. సీజన్ చివర్లో, తొలకరి పడ్డాక వచ్చే కాయలో పురుగు ఎక్కువ ఉండేది కూడా ఇందుకే. అప్పటికి ఈగలు తరం మీద తరం పెరిగి ఉంటాయి.

బుట్ట కొనేవాళ్లకి ఒక మాట. కాకర, దోస, సొర లాంటి తీగ కూరగాయల మీద వచ్చేది వేరే ఈగ. దాన్నీ ఒకప్పుడు బ్యాక్ట్రోసెరా అనేవాళ్లు, ఇప్పుడు జ్యూగోడాకస్ అనే వేరే ప్రజాతిలో పెట్టారు. దాని మగవి మిథైల్ యూజినాల్‌కి రావు, క్యూలూర్ అనే వేరే ఎరకి వస్తాయి. మామిడి బిళ్ల తెచ్చి కాకర పందిరికి కట్టి, ఈగే పడట్లేదంటే తప్పు ఈగది కాదు. కొనే ముందు ఏ పంటకో చెప్పి అడగండి.

ఇంతకీ ఒక ఈగ గురించి ఇంత గొడవెందుకు అంటారా? పుచ్చు కాయకి మార్కెట్లో రేటు ఉండదు, అదొకటి. ఇంకోటి, ఇది దేశాల మధ్య వ్యవహారం. మన సరుకులో పండు ఈగల పిల్లలు దొరుకుతున్నాయని 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడిని, ఇంకొన్ని కూరగాయల్ని ఆపేసింది. మామిడి మీద ఆ నిషేధం 2015లో ఎత్తేశారు, అదీ ఇక్కడ జాగ్రత్తలు పెంచాక. అమెరికాలో ఉన్న మన వాళ్లు ఇండియా మామిడి తినగలుగుతున్నారంటే, 2007 నుంచి పండ్లకి 400 గ్రే మోతాదులో రేడియేషన్ ఇచ్చి పంపుతున్నారు కాబట్టే. లోపల పురుగున్నా అది ఈగగా మారి అక్కడ సంసారం పెట్టకూడదని. అంత భయం ఊరికే లేదు. ఆసియాకి చెందిన ఈ ఈగ 2003లో కెన్యాలో కనిపించింది, తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాలకి పాకింది. మొదట దాన్ని కొత్త జాతి అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. తర్వాత ఆసియా ఈగతో జతకట్టించి చూశారు, ఫెరోమోన్లు పోల్చారు, డీఎన్‌ఏ చూశారు. హాయిగా కలిసిపోయాయి. 2015లో రెండూ ఒకటే, డోర్సాలిసే అని తేల్చారు.

చివరిగా, ఈ స్వయంవరాన్ని తిప్పికొట్టే ఐడియా ఒకటి. మగవాటిని చంపే బదులు, ఫ్యాక్టరీలో లక్షల మగ ఈగల్ని పెంచి, రేడియేషన్‌తో సంతానం లేకుండా చేసి వదిలేస్తే? ఆడ ఈగ వాటితో జతకడుతుంది, గుడ్లు పెడుతుంది, గుడ్లు పగలవు. ఒకినావాలో తీగ కూరగాయల ఈగని 1993కి ఇలాగే లేకుండా చేశారు. కానీ ఫ్యాక్టరీలో పెరిగిన మగది అడవిలో పెరిగినదాని ముందు స్వయంవరంలో తేలిపోతే మొత్తం ఖర్చు వృథా. డోర్సాలిస్ విషయంలో దానికి పరిశోధకులు ఏం ఆలోచించారో ఊహించారా? వదిలే ముందు దానికి మిథైల్ యూజినాల్ తినిపించడం. పెళ్లికొడుకుని సెంటు కొట్టి పంపడం అన్నమాట. పైగా తిన్నవాడు బుట్ట వైపు కూడా అంతగా పోడు.

సో ఫ్రెండ్స్, మగ ఈగ దేని కోసం వస్తోందో తెలిస్తే, బుట్ట ఏం చేయగలదో ఏం చేయలేదో తెలిసిపోతుంది. ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకపోయినా పర్లేదు. మీ ఊళ్లో తోటలున్న వాళ్ల గ్రూప్ ఏదైనా ఉంటే మాత్రం అందులో పెట్టండి. ఎందుకంటే ఈ పని ఒక్కళ్లు చేస్తే ఈగలు లెక్కపెట్టుకోవడమే అవుతుంది, పదిమంది కలిసి చేస్తే కాయ చేతికొస్తుంది. అన్నట్టు, ఇవాళ సాయంత్రం మీ పెరట్లో చెట్టు కింద రాలిన కాయలుంటే ముందు అవి ఏరేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!